సెలవు రోజున ఒంటరిగా కొండ నడక: తిరుపతి వారు తరచుగా అడిగే ప్రశ్నలు

దిగువ తిరుపతిలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కడినే కొండ నడిచి ఎక్కడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఈ సంగతి తెలిసినవారు ఆఫీసులోనూ, పెళ్లిళ్లలోనూ, బస్సు కోసం ఎదురుచూసేటప్పుడూ నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటిగానే ఉంటాయి. వాటిని నడక దశల ప్రకారం ఇక్కడ పొందుపరిచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంతవరకు ఒంటరిగా ఏ కొండా ఎక్కలేదు. మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి?

తిరుమల మెట్ల దారికే వెళ్లండి. మీతో తోడు రాకపోయినా దారిలో మనుషులుంటారు, నీళ్లుంటాయి, కూర్చోవడానికి నీడ ఉంటుంది, దారి తప్పే అవకాశం లేదు. ఒంటరి నడకలో కొత్తవారిని ఇబ్బంది పెట్టేది కాళ్ల బలహీనత కంటే తమ వేగం తమకు తెలియకపోవడమే. పక్కన స్నేహితుడు ఉంటే అతని నడకను బట్టి మన నడక సాగుతుంది. ఒక్కరమే ఉన్నప్పుడు ఎంత నడవాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో అన్నీ మనమే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాలు తప్పినా పెద్ద ప్రమాదం జరగని చోటనే వాటిని నేర్చుకోవడం మంచిది.

దర్శనం చేసుకోకుండా ఊరికే నడక కోసం కొండెక్కితే తప్పా?

తప్పేమీ లేదు. నేను చాలాసార్లు మహాద్వారం ఎదుట నిలబడి దండం పెట్టుకుని దిగివచ్చాను. అయితే మీ పక్కన నడుస్తున్నవారిలో చాలామందికి అది మొక్కుబడి అనే విషయాన్ని మరవకూడదు. తెల్లవారుజామున ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకూ వంగి, ఎడమచేతి గిన్నెలోని పసుపును మూడు వేళ్లతో అద్ది, దాని నడుమ ఉంగరపు వేలితో కుంకుమ బొట్టు పెట్టి, మెట్టును కళ్లకద్దుకుని పైమెట్టుకు కదలడం నేను చూశాను. వంగి లేవడం మూడు వేల సార్లకు పైనే. అలాంటివారి వెనుక నడుస్తున్నప్పుడు ఆవిడను దాటుకుంటూ ఉరకడం, ఫోనులో పాటలు గట్టిగా పెట్టడం, మెట్ల మధ్యలో కూర్చుని ఫొటోలు తీసుకోవడం మానుకుంటే చాలు. ఇక మద్యం, మాంసం, పొగాకు కొండపైకి నిషిద్ధం. వాటిని సంచిలో ఉంచుకున్నా తనిఖీ దగ్గర ఆపుతారు.

ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లవచ్చా?

పగటి వేళ మెట్ల దారుల్లో ఒంటరిగా నడిచే మహిళలు చాలామందే కనిపిస్తారు. మా ఇంట్లోవారు కూడా వెళ్తారు. జనం మరీ పలచగా ఉన్న చోట ముందు వెళ్తున్న కుటుంబాన్ని చూపుమేరలో ఉంచుకుని నడవడం, చీకటి పడకముందే నడక ముగించడం మంచిది. మగవారికి కూడా నేను ఇదే చెబుతాను.

బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి ఉన్నాయి. ఒంటరిగా ఎక్కవచ్చా?

గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఒంటరిగా బయలుదేరకూడదు. ఈ విషయంలో మొహమాటం అక్కరలేదు. షుగరుకు మందులు వాడేవారు ఖాళీ కడుపుతో మెట్లెక్కితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి తిని బయలుదేరాలి, గ్లూకోజు పొడినో నాలుగు చాక్లెట్లనో చేతికందేలా జేబులో ఉంచుకోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు నడిచి ఎక్కి, బస్సులో దిగడం ఉత్తమం.

ఏ కాలంలో, ఏ సెలవు రోజున వెళితే బాగుంటుంది?

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడకకు మేలైన కాలం. చలి మంచులో అలిపిరి మెట్ల దారి మధ్యలోని గాలిగోపురం దగ్గర నిలబడి కింద తిరుపతి ఊరు నెమ్మదిగా తేరుకోవడం చూడాలంటే సంక్రాంతి సెలవులను మించినవి లేవు. ఏప్రిల్, మే నెలల్లో దిగువన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుతూ ఉండగా తప్ప వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో వాతావరణ హెచ్చరికను చూడకుండా కదలకూడదు.

రోజు విషయానికి వస్తే, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) శనివారాలు ఒంటరి నడకకు పనికిరావు. పెరటాసిలో తమిళనాడు నుంచి భక్తులు వేలాదిగా నడిచి వస్తారు, అది చూడదగ్గ భక్తి. కానీ ఆ రోజున మీ అడుగు మీ ఇష్టప్రకారం పడదు. వారం మధ్యలో వచ్చే సెలవు దొరికితే దాన్ని వదులుకోకండి.

## దారి ఎంచుకునేటప్పుడు

అలిపిరి దారి మంచిదా, శ్రీవారి మెట్టు మంచిదా?

తిరుమలకు ఉన్న ఈ రెండు మెట్ల దారుల్లో అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి సుమారు 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. అంకెలను మాత్రమే చూసి రెండవది తేలిక అనుకునేవారు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. శ్రీవారి మెట్టులో దూరం తక్కువ కావడం వల్ల ఏటవాలు ఎక్కువ. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చదును నేల దాదాపు దొరకదు. ఆరోగ్యంగా ఉన్నవారు గంటన్నర అటూఇటూ సమయంలో ఎక్కేస్తారు.

అలిపిరి దారి స్వభావం వేరు. మొదట గాలిగోపురం దాకా ఉన్న రెండు వేల పైచిలుకు మెట్లే అసలు పరీక్ష. పాదాల మండపం, తలయేరు గుండు దాటుతూ అక్కడికి చేరినవారు సగం దూరం కూడా రాలేదని తెలిసి దిగులు పడతారు కానీ, కష్టంలో మాత్రం సగానికి పైగా అక్కడే తీరిపోతుంది. ఆ తరువాత చాలా దూరం చదునుగా, నీడగా, జింకల పార్కు పక్కగా, ఏడవ మైలు ఆంజనేయస్వామి విగ్రహం మీదుగా సాగి, చివర మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ నిలువుగా లేస్తుంది. మొత్తానికి మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది.

రోజంతా మీ చేతిలో ఉంటే అలిపిరి, సగం రోజే ఉంటే శ్రీవారి మెట్టు అని నా సలహా. శ్రీవారి మెట్టుకు శ్రీనివాస మంగాపురం మీదుగా చేరుకోవాలి. చంద్రగిరి కోట నుంచి రాజులు కొండకు ఈ దారినే వచ్చేవారని పెద్దలు చెబుతారు.

తుంబురు తీర్థం, కుమారధార వంటి చోట్లకు ఒక్కడినే వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. ఈ జవాబులో నేను మెత్తబడను. అవి శేషాచలం అడవి లోపల ఉన్నాయి. ఇది 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉన్న అడవి, 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కొండల వరుస. అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడం నేరం. పైగా ఎర్రచందనం సహజంగా పెరిగే అరుదైన నేల ఇదే కావడం వల్ల దొంగల కోసం గాలింపు ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది. సంచి భుజాన వేసుకుని అడవిలో ఒంటరిగా తిరిగే మనిషిని చూస్తే సిబ్బంది ముందు అనుమానిస్తారు, వారిని తప్పుపట్టలేము.

ఆ తీర్థాలను చూడాలని ఉంటే వాటి ముక్కోటి రోజుల కోసం, అంటే ఏడాదికోసారి అక్కడ జరిగే ఉత్సవం కోసం ఆగండి. మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో దారి తెరిచి, నీళ్లు, ఆహారం, వైద్యం ఏర్పాట్లు చేసి, జనాన్ని పంపుతారు. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఏళ్ల తరబడి తపస్సు చేసిందని చెప్పే తుంబురు కోనలో రెండు వైపులా లేచిన నిలువు రాతి గోడల మధ్య నీటిలో నడవడం నేను ముక్కోటి గుంపులోనే అనుభవించాను. జనం ఉన్నారన్న కారణంగా ఆ చోటు గాంభీర్యం ఏమాత్రం తగ్గలేదు.

తలకోనకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చా?

రావచ్చు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా ఎర్రావారిపాలెం మండలంలోని నెరబైలు దాటి వెళ్లాలి. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర నుంచి జలపాతం దాకా నడక దారి ఉంది. అటవీశాఖ వారికి రుసుము చెల్లించి, గుర్తించిన దారిలోనే నడవాలి. వానలు పడ్డాక నీళ్లు నిండుగా ఉంటాయి, మే నెలలో పలచని ధారే మిగులుతుంది. సొంత బండి లేనివారు అక్కడ దిగగానే చేయవలసిన మొదటి పని, తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరునే అడిగి తెలుసుకోవడం. పాచి పట్టిన బండల మీద ఒంటరిగా ఎక్కవద్దు, లోతు తెలియని మడుగులో ఒంటరిగా దిగవద్దు.

హార్స్లీ కొండలు ఒక రోజులో అవుతాయా?

సుమారు 1,265 మీటర్ల ఎత్తున, మదనపల్లె దగ్గర ఉన్న ఆ కొండ చల్లగా, అందంగా ఉంటుంది. కానీ తిరుపతి నుంచి రానూపోనూ ప్రయాణానికే రోజు గడిచిపోతుంది. రాత్రి బస ఉంటేనే వెళ్లండి.

## ముందు రోజు రాత్రి

సంచిలో ఏమేమి పెట్టుకోవాలి?

ఎంత తక్కువ పెట్టుకుంటే అంత మంచిది. లీటరు పట్టే స్టీలు సీసా, తువ్వాలు, పలుచని వాన కోటు, మార్చుకోవడానికి ఒక చొక్కా, రోజూ వాడే మందులు, బొబ్బలకు అంటించే పట్టీలు, చిల్లర డబ్బులు, ఆధార్ కార్డు, చార్జింగు నిండిన ఫోను సరిపోతాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలను కొండపైన నిషేధించారు కాబట్టి స్టీలుదో రాగిదో తీసుకోండి.

తినడానికి వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క, రెండు అరటిపండ్లు, అన్నం కావాలనుకునేవారికి నిమ్మకాయ పులిహోర. పెరుగన్నం ఎండాకాలంలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది. సంచి బరువనిపిస్తే అలిపిరి దగ్గరే సామాను కౌంటరులో ఇస్తే దేవస్థానం వారు ఉచితంగా పైకి చేరుస్తారు. అయితే నీళ్లు, మందులు, ఫోను మాత్రం మీ దగ్గరే ఉండాలి.

బూట్లు వేసుకోవాలా, వట్టి కాళ్లతో నడవాలా?

అన్నమయ్య బాలుడిగా కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర అలసి సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ కనిపించి, సాలగ్రామమయమైన కొండ మీద చెప్పులతో నడవరాదని చెప్పిందని కథ. అందుకే చాలామంది కింద పాదాల మండపం దగ్గరే చెప్పులు విడుస్తారు. మీకు ఆ నియమం ఉంటే ఉదయపు చల్లదనంలోనే ఎక్కడం ముగించండి.

ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. ఒక మే నెలలో వట్టి కాళ్లతో ఎక్కి, పైన ఆలస్యం చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు నడిచి దిగడం మొదలుపెట్టాను. పైకప్పు ఉన్నంత మేర బాగానే ఉంది. కప్పు లేని చోట రాయి పెనంలా కాలిపోతూ ఉంది, ఇరవై అడుగులు వేసేసరికి రెండు అరికాళ్లూ బొబ్బలెక్కాయి. బొరుగులు అమ్ముకునే ఒకాయన తన గోనెపట్టాను నీళ్లతో తడిపి నా కాళ్ల కింద పరిచాడు. ఆ రోజు నుంచి సంచిలో ఒక జత మేజోళ్లు తప్పకుండా ఉంటున్నాయి.

నియమం లేనివారు పాత, కాలికి అలవాటైన, అడుగున గరుకు ఉన్న బూట్లు వేసుకోవాలి. కొత్త బూట్లు వద్దు. గుడి చుట్టూ ఉన్న నాలుగు మాడ వీధుల్లో చెప్పులతో నడవకూడదు.

ఇంట్లో ఏం చెప్పి వెళ్లాలి?

మూడు విషయాలు: ఏ దారిన ఎక్కుతున్నారు, ఎలా దిగుతున్నారు, ఎన్ని గంటలు దాటితే వారు మీ గురించి కనుక్కోవడం మొదలుపెట్టాలి. మాటలతో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లో రాసి పెట్టండి. దారి మార్చుకుంటే ఆ మాట కూడా పంపండి. రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన చీటీ ఒకటి ఆధార్ కార్డుతో పాటు ఉంచుకోవాలి, ఎందుకంటే ఫోనుకు తాళం ఉంటే ఎదుటివారికి మీ ఇల్లు తెలిసే దారి ఉండదు.

## ఎక్కుతున్నప్పుడు

ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

అలిపిరిలో తెల్లవారుతూ ఉండగా, వేసవిలోనైతే ఐదున్నర, ఆరు గంటల మధ్య, తొలి మెట్టు మీద ఉండండి. శ్రీవారి మెట్టు దారి ఉదయం 6 గంటలకు తెరుస్తారు. దర్శనం టోకెన్లు ఇచ్చే చోటు, పద్ధతి అప్పుడప్పుడు మారుతూ ఉంటాయి కాబట్టి అవి కావలసినవారు ముందు రోజే కనుక్కోవాలి. ఎండ ముదరకముందే గాలిగోపురం దాటితే మిగిలిన రోజు తీరికగా గడుస్తుంది.

రెండు వందల మెట్లకే ఆయాసం వస్తోంది. నా వల్ల కాదేమో?

దాదాపు అందరికీ అక్కడే వస్తుంది. చల్లారిన కండరాలు, పరుగులాంటి మొదటి అడుగులు, తోటివారిని దాటాలన్న తొందర కలిసి చేసే పని అది. నడుస్తూ గోవింద నామం పూర్తిగా పలకగలుగుతున్నారా లేదా గమనించండి. మాట మధ్యలో తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఆగినప్పుడు వెంటనే కూర్చోకుండా ఒక నిమిషం నిలబడి ఊపిరి తీసుకుని, తరువాత కూర్చోండి. అడుగు మొత్తం మెట్టు మీద పడేలా వేయాలి, మునివేళ్లతో ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి.

ఛాతీలో బిగుసుకున్నట్లు ఉండడం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, చల్లని చెమటలు, కళ్లు తిరగడం ఉంటే అది మామూలు ఆయాసం కాదు. అక్కడే కూర్చుని, పక్కన నడిచేవారిని పిలిచి, 108కి ఫోను చేయించండి. ఒంటరిగా వచ్చినవారు సహాయం అడగడానికి సంకోచించి ఆలస్యం చేయడం నేను చూశాను. ఆ దారిలో ఎవరిని పిలిచినా ఆగుతారు.

నీళ్లు ఎంత తాగాలి?

దాహం ముదిరేదాకా ఆగకుండా, పావుగంటకోసారి నాలుగు గుక్కలు. ఎక్కువ చెమట పట్టే రోజుల్లో వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి తీసుకెళ్లండి. దారిలో అమ్మే మజ్జిగ, ఉప్పు చల్లిన దోసకాయ ముక్కలు కూడా ఇందుకు పనికివస్తాయి.

చిరుతల భయం నిజమేనా?

నిజమే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. ఆ తరువాత పిల్లలతో నడిచే వేళలకు కట్టడి పెట్టారు, నడిచేవారికి కర్రలు కూడా ఇచ్చారు. ఇది చిరుతల ఇల్లు, మనం దాని మధ్యగా వేసుకున్న దారిలో నడుస్తున్నాం. పట్టపగలు జనం ఉన్న చోట పెద్దవారికి ప్రమాదం చాలా తక్కువ. పొద్దు వాలాక, తెల్లవారకముందు ఒంటరిగా నడవవద్దు. మెట్లు దిగి పొదల్లోకి వెళ్లవద్దు. తినగా మిగిలింది విసిరితే కుక్కలు, పందులు, జింకలు చేరతాయి, వాటి వెంట చిరుత వస్తుంది.

ఎదురుపడితే పరుగెత్తకూడదు, వంగకూడదు, వెన్ను చూపకూడదు. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ నెమ్మదిగా వెనక్కి అడుగులు వేయాలి.

కోతులు సంచి లాక్కుంటాయా?

కవరు చప్పుడు వినిపిస్తే వస్తాయి. తినేది చేతిలో పట్టుకుని నడవకండి. లాక్కుంటే వదిలేయండి. కరిచినా, గీరినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

దారిలో వాన పట్టుకుంటే ఏం చేయాలి?

మండపంలో ఆగండి. తడిసిన పసుపు, కరిగి గడ్డకట్టిన కర్పూరం కలిసిన మెట్టు సబ్బు రాసినట్లు జారుతుంది. నడవక తప్పకపోతే మెట్టు అంచున, చేతికి కమ్మీ అందేలా నడవండి. పెద్ద వాన ఆగకుండా కురుస్తుంటే వెనుదిరగడమే సరైనది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి బండరాళ్లు పడి దెబ్బతింది, బాగుచేసి తెరవడానికి 2022 మే నెల దాకా పట్టింది. రాళ్లతో కట్టిన మెట్లనే కదిలించిన వరద మనిషిని లెక్కచేయదు.

## పైకి చేరాక

మిగిలిన రోజు ఎలా గడపాలి?

ముందు చొక్కా మార్చుకోండి, చెమట ఆరితే చలి పడుతుంది. పైన దిగువ కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుంది. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేడి అన్నం తిని, అరగంట కూర్చున్నాక శిలాతోరణానికి వెళ్లండి. గుడికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న ఆ రాతి తోరణాన్ని మనుషులు కట్టలేదు, గాలీ నీరూ యుగాల తరబడి కోసి నిలిపాయి. కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే పాపవినాశనం బస్సెక్కి జాపాలి దగ్గర దిగవచ్చు. అక్కడి ఆంజనేయస్వామి గుడికి చెట్ల నడుమ మెట్ల దారి ఉంది, జనసంచారం ఉంటుంది కాబట్టి ఒంటరిగా వెళ్లవచ్చు. నేను మాత్రం చాలా సెలవుల్లో ఏదీ చూడకుండా ఒక చెట్టు కింద కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ మధ్యాహ్నం గడిపాను, అవే నాకు బాగా గుర్తున్న సెలవులు.

## దిగేటప్పుడు, ఆ మర్నాడు

నడిచి దిగాలా, బస్సులో దిగాలా?

మొదటిసారైతే బస్సులోనే. ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి మోకాళ్లు కావాలి. మధ్యాహ్నానికి అవి అలసిపోయి ఉంటాయి. బస్సులు దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డున. కిటికీ పక్కన కూర్చుని రోడ్డు పక్క కొండ కోతను చూడండి. కింద గ్రానైటు, దాని మీద అడ్డ పొరలుగా పేర్చినట్లున్న మరో రాయి కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య కోట్లాది సంవత్సరాల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చి, దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు.

నడిచే దిగాలనుకునేవారు మూడు గంటలకల్లా బయలుదేరి, వెలుతురు ఉండగానే అలిపిరి చేరాలి. అడుగు పక్కవాటుగా వేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది.

మర్నాడు తొడలు కదపలేకపోతున్నాను. ఏదైనా దెబ్బ తగిలిందా?

చాలావరకు కాదు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి కాబట్టి లోపలి పోగులు కొద్దిగా చిట్లుతాయి. ఆ నొప్పి రెండవ, మూడవ రోజుల్లో ఎక్కువై, వారం లోపు పోతుంది. కదలకుండా పడుకుంటే బిగుసుకుంటుంది, ఇంట్లోనే మెల్లగా తిరుగుతూ ఉండాలి. గోరువెచ్చని నీళ్ల స్నానం హాయినిస్తుంది. ఒక్క మోకాలే వాచినా, కాలు నేల మీద మోపలేకపోయినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి. నొప్పి మామూలుదే అయితే, ఇంటి మేడమెట్లు వెనుకకు తిరిగి దిగండి, రెండు రోజుల పాటు అది చాలా సులువుగా ఉంటుంది.